ఓస్, ఇంతేనా!

ఇత్తడి పళ్లెం ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో వంచి చూడండి. నడుమ నుంచి అంచు దాకా సన్నటి గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. అవి లేత్ మిషను వదిలిన గుర్తులు. పోతపోసి తీసిన పళ్లెం గరుగ్గా, మసిబారి ఉంటుంది. దాన్ని లేత్‌కి బిగించి గిరగిరా తిప్పుతూ ఉలి ఆనిస్తే పైపొర రజనుగా రాలిపోయి లోపలి పసుపు తేలుతుంది. చెంబో బిందో అయితే మెడ దగ్గర పట్టు దొరుకుతుంది. పళ్లేనికి మెడ లేదు, లోతూ లేదు. దాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

గంగ ఒడ్డున ఉన్న మీర్జాపూర్‌లో పాత్రలు చేసేవాళ్లను 1950 ప్రాంతంలో వేధించిన ప్రశ్న ఇదే. లేత్‌లో తిరిగే వైపును హెడ్‌స్టాక్ అంటారు. వేడికి మెత్తబడి, చల్లారగానే బిగిసే జిగురుతో పళ్లేన్ని దానికి అతికించేవాళ్లు. లేదంటే చక్ అనే బిగింపు దవడల మధ్య ఇరికించేవాళ్లు. ఎలా చేసినా పట్టు ఒక్క వైపే. ఉలి కాస్త గట్టిగా తగిలిందంటే తిరుగుతున్న పళ్లెం ఊడి ఎగిరిపోయేది. పనివాడు దాని ఎదురుగానే నిలబడి ఉంటాడు. ఇత్తడి అంచు ఎంత పదునో వంటింట్లో పళ్లేలు తోమిన వాళ్లందరికీ తెలుసు.

అక్కడి హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ భాగస్వాముల్లో ఒకరైన పురుషోత్తం దాస్ 1951లో దీనికి విరుగుడు కనిపెట్టానన్నారు. పళ్లేన్ని హెడ్‌స్టాక్ వైపున ఆనించి, రెండో వైపు నుంచి తిరిగే మొన ఒకదానితో అదిమి పట్టడం. అంటే, టెయిల్‌స్టాక్ వాడటం. పళ్లెం రెండిటి మధ్యా బిగిసిపోయింది. ఊడటం లేదు. పని వేగం పెరిగింది, నునుపూ బాగా వచ్చింది. సంస్థ పేటెంటుకు దరఖాస్తు చేసింది, పేటెంటు వచ్చింది. అదే ఊళ్లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అనే మరో పాత్రల తయారీ సంస్థ కూడా ఇదే పద్ధతి వాడుతోందని తెలిసి, ఆపమని నోటీసు ఇచ్చింది. ఆపం, లేత్‌కి టెయిల్‌స్టాక్ ఉంటుందని లోకానికంతా తెలుసు, మీరు కొత్తగా కనిపెట్టిందేముంది అన్నారు వాళ్లు. తగాదా కోర్టుకెక్కి సుప్రీంకోర్టు దాకా నడిచింది.

తీర్పు సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు ఆలోచించండి. పళ్లెం రెండో వైపు నుంచి కూడా అదిమితే ఊడదు. ఈ మాట విన్నాక మీకేమనిపించింది?

"ఓస్, ఇంతేనా!" అనే అనిపించి ఉంటుంది. అక్కడే ఉంది పెద్ద చిక్కు.

చిన్నప్పుడు పొడుపు కథలు విప్పిన వాళ్లకి ఈ అనుభవం కొత్త కాదు. అమ్మమ్మ పొడుపు వేస్తుంది. పిల్లలు అరగంట బుర్ర బద్దలు కొట్టుకుంటారు, నోటికొచ్చినవన్నీ చెబుతారు, చివరికి ఓడిపోయామని ఒప్పుకుంటారు. ఆమె విడుపు చెప్పీ చెప్పగానే "ఓస్, ఇంతేనా! ఇది నాకూ తెలుసు" అంటారు. ఆ పిల్లలు అబద్ధమాడటం లేదు. విడుపు తెలిసిన మరుక్షణం పొడుపులోని ప్రతి మాటా ఆ విడుపు వైపే వేలు చూపిస్తున్నట్టు కనిపిస్తుంది. అంతకుముందు పది దిక్కులు చూపించిన మాటలే అవి. తెలియని స్థితిలోకి మళ్లీ వెళ్లడం మనసుకు చేతకాదు.

దీన్ని ప్రయోగం చేసి చూపించినవాడు బారూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1975లో ప్రచురించిన పరిశోధనలో, 1814లో బ్రిటిష్ సేనలకూ నేపాల్ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి కొంత సమాచారం ఇచ్చి చదవమన్నాడు. ఫలితాలు నాలుగు రకాలుగా ఉండవచ్చు: బ్రిటిష్ వాళ్లు గెలవడం, గూర్ఖాలు గెలవడం, ఎవరూ గెలవక సంధి చేసుకోవడం, ఎవరూ గెలవక సంధీ లేకపోవడం. ఒక బృందానికి ఫలితం చెప్పలేదు. మిగతా బృందాలకు తలా ఒక ఫలితం చెప్పి, జరిగింది ఇదేనన్నాడు. తర్వాత ఒక్కో ఫలితానికి ఎంత అవకాశం ఉండేదో అంచనా కట్టమన్నాడు. ఏ బృందానికి ఏది చెప్పాడో, ఆ బృందానికి అదే జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఫలితం తెలియనట్టే అనుకుని జవాబివ్వండి అన్నా ఆ ప్రభావం పోలేదు. తమ అంచనాను ఆ తెలివిడి లాగేసిందన్న స్పృహ కూడా వాళ్లకు లేదు.

పేటెంటు ఇవ్వాలా వద్దా అని తేల్చే అధికారి బల్ల ముందు కూర్చున్నప్పుడు మొదట చదివేది దరఖాస్తు. అంటే విడుపు. ఆ తర్వాతే వెనక్కి వెళ్లి, ఇది అప్పటివాళ్లకు తట్టేదేనా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. గూర్ఖా యుద్ధం ఫలితం చెప్పి, తెలియనట్టు నటించమన్నట్టే ఉంది ఆ పని.

పేటెంటుకు ముఖ్యంగా రెండు గడపలు దాటాలి. మొదటిది కొత్తదనం. ఇంతకుముందు ఎక్కడైనా ఇదే ఉందా లేదా? రెండోదే ఇక్కడ మన విషయం. కొత్తదే కావచ్చు, కానీ ఆ పని తెలిసినవాడెవడికైనా తట్టే కొత్తదనమా, కాదా? పసుపు పేటెంటు కథ అందరికీ తెలిసిందే. గాయం మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలనూ, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసాన్నీ తీసి చూపించింది. 1997లో ఆ పేటెంటు పోయింది. దాన్ని పడగొట్టడానికి మొదటి గడపే చాలు. పాత కాగితం చూపిస్తే వాదం ముగుస్తుంది. రెండో గడప దగ్గర చూపించడానికి అలాంటి కాగితం ఉండదు. అక్కడ కొలవాల్సింది ఒక మనిషి బుర్ర.

ఈ రెండో గడప ఎందుకు? కొత్తగా ఉంటే చాలదా? చాలదని మొదట గట్టిగా చెప్పింది తలుపు పిడి. అమెరికాలో హాచ్‌కిస్ అనే వ్యక్తీ, అతని సహచరులూ కలిసి 1841లో మట్టితో, పింగాణీతో చేసే తలుపు పిడికి పేటెంటు తీసుకున్నారు. పిడి లోపలి గుంత మూతి దగ్గర ఇరుకుగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. అందులో లోహం కరిగించి పోస్తే గడ్డకట్టి, మళ్లీ బయటికి రాదు. ఈ అతుకు అప్పటికే కర్ర, లోహపు పిడుల్లో ఉంది. వీళ్లు చేసిందల్లా కర్ర బదులు మట్టి పెట్టడమే. మట్టి పిడి చవక, మన్నికా ఎక్కువ. నిజమే. కానీ ఇది నేర్పున్న పనివాడు చేసే పనే తప్ప ఆవిష్కర్త చేసే పని కాదని 1851లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఈ తీర్పు వెనుక ఉన్న న్యాయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. పేటెంటంటే బహుమతి కాదు, కంచె. 20 ఏళ్ల పాటు ఆ దారిన ఇంకెవరూ నడవకూడదని వేసే కంచె. పనిచేసేవాడు రోజూ చిన్న చిన్న మార్పులు చేస్తూనే ఉంటాడు. ఇనుము దొరక్కపోతే ఇత్తడి, మేకు నిలవకపోతే మర, కొలత సరిపోకపోతే ఇంకో కొలత. ఎవడికైనా తట్టే ఇలాంటి మార్పు మీద ఒక్కడికి హక్కు రాసిచ్చామంటే, మిగతా వాళ్ల చేతుల్లోని పనితనాన్ని లాక్కుని అతని పెట్టెలో పెట్టినట్టే.

అలాగని గడపను మరీ ఎత్తుగా కట్టినా తప్పే. 1941లో అమెరికా సుప్రీంకోర్టు కార్లలో వాడే సిగరెట్ లైటర్ కేసులో, ఆవిష్కరణకు మేధావి బుర్రలో మెరుపు మెరవాలన్నంత దూరం వెళ్లింది. అప్పుడు ఏళ్ల తరబడి ఓపికగా ప్రయత్నించి, ఒక్కో మెట్టూ ఎక్కి సాధించినవాడి గతేమిటి? 1952 చట్టం దాన్ని సరిదిద్దింది. ఎలా కనిపెట్టావన్నది అనవసరం, మెరుపులా తట్టినా, చెమటోడ్చి సాధించినా ఒకటేనంది. చూడాల్సిందల్లా, ఆ రోజుకి ఆ విద్యలో పని తెలిసినవాడికి అది తట్టేదా కాదా అని మాత్రమే.

పని తెలిసినవాడు. పేటెంటు చట్టాలన్నీ నిలబడింది ఇతని భుజాల మీదే, ఇతను మాత్రం ఎక్కడా లేడు. ఊహించుకున్న మనిషి. తన రంగంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివినవాడు, ఏ మూల ఏ దేశంలో వచ్చినా సరే. అంత చదివీ మేధావి కాడు, మామూలు పనిమంతుడు. ఇంత తెలిసి ఇంత మామూలుగా ఉండే మనిషి నిజజీవితంలో దొరకడు. మన పేటెంట్ల చట్టంలోనూ ఇతనున్నాడు. ఆవిష్కరణలో సాంకేతికమైన ముందంజ గానీ ఆర్థిక ప్రాధాన్యం గానీ, లేదా రెండూ గానీ ఉండాలి, పైగా అది ఇతనికి తట్టనిదై ఉండాలి అంటుంది చట్టం. న్యాయమూర్తి చేయాల్సింది ఇతనిలోకి పరకాయ ప్రవేశం. అదీ ఇవాళ్టి ఇతనిలోకి కాదు, దరఖాస్తు పెట్టిన నాటి ఇతనిలోకి. కథల్లో విక్రమార్కుడు ప్రవేశించింది పక్కనున్న శరీరంలోకి. ఇక్కడ కాలంలో కూడా వెనక్కి వెళ్లాలి.

ఇతనికి ఎంత తెలివి ఉందనుకోవాలి? దీని మీద అమెరికాలో పెద్ద పోరాటమే జరిగింది. కొంతకాలం అక్కడి పేటెంటు అప్పీళ్ల కోర్టు ఇతన్ని మరీ మందబుద్ధిగా చూసింది. రెండు పాత వస్తువుల్ని కలపడం ఇతనికి తట్టేదే అనాలంటే, కలపమని సూచించే పాత కాగితమో, అలాంటి ఆధారమో చూపించమనేది. 2007లో కారు యాక్సిలరేటర్ పెడల్ తగాదాలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ సరిపోయేలా ముందుకూ వెనక్కూ జరిగే పెడల్ అప్పటికే ఉంది. కాలు ఎంత నొక్కిందో ఇంజను కంప్యూటరుకు చెప్పే ఎలక్ట్రానిక్ సెన్సారూ ఉంది. జరిగే పెడల్‌లో కదలని ఇరుసు దగ్గర సెన్సారు పెట్టడానికి పేటెంటు తీసుకున్నారు. కదిలే చోట పెడితే తీగలు అరిగిపోతాయని అందరికీ తెలిసినప్పుడు, కదలని చోట పెట్టాలని తట్టదా? పని తెలిసినవాడు మరమనిషి కాడు, మామూలు మనిషికుండే సృజన అతనికీ ఉంటుందని కోర్టు తేల్చింది. ఇది పనివాళ్లకు దక్కిన గౌరవమని నేను నమ్ముతాను. షెడ్డులో పనిచేసే ఏ మెకానిక్‌నైనా కాసేపు గమనించండి. పుస్తకంలో రాయలేదు కాబట్టి వాడికి తట్టదు అనడానికి నోరు రాదు.

యూరప్ పేటెంటు కార్యాలయం ఇదే ప్రశ్నను ఒక చక్కటి తేడాతో అడుగుతుంది. అతను చేయగలిగేవాడా అన్నది కాదు, చేసి ఉండేవాడా అన్నది చూడమంటుంది. చేయగలగడానికేం, టెయిల్‌స్టాక్‌ను ఎవరైనా జరిపి పళ్లేనికి ఆనించగలరు. ఆ రోజు, ఆ సమస్య ఎదురుగా ఉంటే, దానివైపు చేయి చాచేవాడా? చాచడానికి కారణం ఉందా? ఈ చిన్న క్రియాభేదం మీద కోట్ల రూపాయల వ్యాపారాలు నిలుస్తాయి, కూలుతాయి.

ఈ పరకాయ ప్రవేశానికి ఒక వరస నేర్పిన కేసు సముద్రం మీద పుట్టింది. తెప్పలాంటి పలక మీద నిలబడి, తెరచాపను చేత్తో పట్టుకుని గాలిని బట్టి నడిపే ఆట ఉంది కదా, విండ్‌సర్ఫింగ్. దానికి 1968లో పేటెంటు దరఖాస్తు పడింది. తెరచాపకు రెండు వైపులా విల్లులా వంగిన రెండు కర్రలు, వాటిని పట్టుకునే మనిషి, ఎటైనా వాలగలిగే స్తంభం. ఇంగ్లాండులో ఒక పోటీ సంస్థ దీన్ని సవాలు చేసింది. వాళ్లు తెచ్చిన సాక్ష్యం ఏమిటంటే, పదేళ్ల ముందే, 1958లో, హేలింగ్ దీవి తీరంలో పీటర్ చిల్వర్స్ అనే 12 ఏళ్ల కుర్రాడు ఇలాంటిదే స్వయంగా తయారుచేసుకుని నీళ్ల మీద ఆడుకున్నాడు. అతని కర్రలు వంపువి కావు, తిన్ననివి. కానీ గాలి తగలగానే అవీ వంగేవి. 1985లో అప్పీలు కోర్టు ఏమందంటే, ముందు కొత్తదనం ఎక్కడుందో గుర్తుపట్టు. తర్వాత ఆనాటి పని తెలిసినవాడి స్థానంలోకి వెళ్లు. అప్పటికి తెలిసినదానికీ దీనికీ తేడా ఏమిటో లెక్కవేసుకో. చివరికి, విడుపు చూడనట్టుగా, ఆ తేడా తట్టేదేనా అని అడుగు. తిన్నటి కర్రకూ వంపు కర్రకూ మధ్య ఉన్న దూరం కాస్తంతే. పేటెంటు పోయింది. ఈ వరసలో ప్రశ్న చివర్న వస్తుంది చూడండి. మొదటే అడిగితే "ఓస్, ఇంతేనా" అనే జవాబే వస్తుంది.

ఇంత వరస పాటించినా, మనసును మనసుతో అదుపు చేయడం కష్టం. నమ్మదగిన సాక్షి మరొకటుంది. చరిత్ర. నిజంగా తట్టేదే అయితే, అంతకాలం ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఎవరైనా ప్రయత్నించి ఓడిపోయారా? పనిమంతులు విని నవ్వారా?

బెర్ట్ ఆడమ్స్ బ్యాటరీ కథ దీనికి నాకు తెలిసిన అన్నిటిలో మంచి ఉదాహరణ. ఒక వైపు మెగ్నీషియం, రెండో వైపు క్యుప్రస్ క్లోరైడు. పొడిగా ఉన్నంతకాలం ఏమీ జరగదు, ఎంతకాలమైనా దాచుకోవచ్చు. మామూలు నీళ్లు పోస్తే చాలు, కరెంటు పుడుతుంది. ఆమ్లాలతో పనిలేదు. గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తుంది, అదీ పెద్దగా తగ్గని బలంతో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆడమ్స్ దీన్ని అమెరికా సైన్యం ముందు పెట్టాడు. నిపుణులు ఇది పనిచేయదన్నారు. ఒకసారి నీళ్లు పోశాక ఆగదు, వేడెక్కుతుంది, అలాంటి బ్యాటరీలు పనికిరావని పాత పుస్తకాలు చెబుతున్నాయన్నారు. తర్వాత అదే సైన్యం అతనికి తెలియజేయకుండానే ఆ బ్యాటరీలు వాడుకుంది. ఆడమ్స్ దావా వేస్తే ప్రభుత్వం ప్లేటు తిప్పింది. మెగ్నీషియం పాతదే, క్యుప్రస్ క్లోరైడు పాతదే, రెండూ కలపడం ఎవరికైనా తట్టేదే అంది.

1965లో సుప్రీంకోర్టులో వాదన జరుగుతుండగా ఆడమ్స్ న్యాయవాది తన ముందున్న మంచినీళ్ల గ్లాసులో చిట్టి బ్యాటరీ ఒకటి వేశాడు. దానికి తగిలించిన చిన్న బల్బు వెలిగింది. అతను వాదిస్తున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంది. పనిచేయదని చెప్పిన నిపుణులే, పనిచేశాక తట్టేదేనని చెప్పడం కుదరదని కోర్టు ఆడమ్స్ పక్షాన నిలిచింది. పాత కాగితాలన్నీ ఇటు రావద్దని హెచ్చరిస్తుంటే, ఇటే వచ్చి సాధించినవాడికి తట్టనిది తట్టినట్టే. ఇలాంటి కేసుల్లో "ఓస్, ఇంతేనా" అన్నవాళ్ల పాత ఉత్తరాలు తీసి చూస్తే "ఇదెలా సాధ్యం" అని రాసి ఉంటుంది.

ముళ్లతీగ కూడా అంతే. మన పొలాల చుట్టూ ఉన్న తీగనే దగ్గరగా చూడండి. రెండు తీగలు మెలితిరిగి ఉంటాయి, ఒకదానికి పొట్టి తీగముక్క చుట్టుకుని రెండు కొనలు బయటికి పొడుచుకొస్తాయి. రెండో తీగ మెలిక ఆ ముల్లును కదలనివ్వదు. ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ కాఫీ గింజలు విసిరే మరతో తీగను వంచుతూ దీన్ని సాధించాడని చెబుతారు. పేటెంటు వచ్చింది 1874లో. అతనికి ముందే, 1868లో, కెల్లీ అనే ఆయన ఇనుప రేకుముక్కల్ని వజ్రం ఆకారంలో కోసి తీగకు గుచ్చాడు. తేడా కొంచెమే. అయినా ఆ కొంచెమే మైదానాల్లోని పశువుల్ని ఆపింది. చెప్పుకోదగ్గ కలపో రాయో దొరకని ఆ విశాలమైన నేలల్లో కంచె కోసం ఎంతోమంది వెతికారు. ఎందరో తడిమినా దొరకనిది, అతని చేతికి దొరికింది. 1892లో కోర్టు పేటెంటును నిలబెట్టింది.

సాక్షుల్లో నేను తక్కువగా నమ్మేది అమ్మకాలను. బాగా అమ్ముడుపోయిందంటే గొప్ప ఆవిష్కరణే అయి ఉండాలని వాదిస్తారు. ప్రకటనల బలంతోనూ, అంగడి పేరుతోనూ అమ్ముడుపోయేవెన్నో. ఇతరులు ఓడిపోయిన చరిత్ర అలా కాదు, దాన్ని డబ్బు పెట్టి కొనలేరు.

కంప్యూటర్ల కాలం వచ్చాక ఈ తూకం మరీ అదుపు తప్పింది. అమెజాన్ సంస్థ 1997లో దరఖాస్తు పెట్టి, 1999లో ఒక్క నొక్కుతో కొనుగోలుకు పేటెంటు పొందింది. మీ చిరునామా, కార్డు నంబరు ముందే దాచుకుంటుంది. మీరెవరో మీ కంప్యూటరులోని చిన్న గుర్తుతో కనిపెడుతుంది. వస్తువు బొమ్మ పక్కన ఒకసారి నొక్కితే ఆర్డరు అయిపోతుంది. వెంటనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల సంస్థ మీద దావా వేసి, క్రిస్మస్ అమ్మకాల వేళకు వాళ్ల బటన్‌ను ఆపించింది. 2001లో అప్పీళ్ల కోర్టు ఆ నిషేధాన్ని ఎత్తేసింది, ఈ పేటెంటు చెల్లుబాటు మీద గట్టి సందేహమే ఉందని. యూరప్ ఇవ్వనంది. అమెరికాలో మాత్రం పునఃపరిశీలనలో కొంత కుదించుకుని 2017 దాకా బతికింది.

అమెజాన్ పక్షాన ఒక మాట ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1997లో అందరూ బండిలో వస్తువులు వేసుకుని చివర్లో లెక్క కట్టే పద్ధతికే అలవాటుపడ్డారు. ఆ బండిని వదిలేయవచ్చని పెద్దగా ఎవరికీ తట్టలేదు. అయినా నా మనసు ఒప్పుకోదు. మన వీధి చివర కిరాణా కొట్టు ఖాతా గుర్తుకు తెచ్చుకోండి. పిల్లవాడు వెళ్లి సబ్బు తీసుకుని "ఖాతాలో రాసుకో అంకుల్" అని పరిగెత్తుకొస్తాడు. ఎవరి పిల్లవాడో, ఇల్లెక్కడో, లెక్కెవరిదో కొట్టాయనకు తెలుసు. ఇదే నమ్మకాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి తగిన పనిముట్లన్నీ అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. పాత వ్యవహారాన్ని కొత్త యంత్రం మీద చేయడం తలుపు పిడి కేసులో కర్ర బదులు మట్టి పెట్టడం లాంటిదే.

మన దగ్గర మోటారు సైకిల్ తగాదా మరో రకం. ఇంజనులో ఒకే స్పార్క్ ప్లగ్ ఉంటే, మంట ఒక మూల పుట్టి సిలిండరు అవతలి గోడ దాకా పాకాలి. పెట్రోలు పలచగా, గాలి ఎక్కువగా ఉన్న మిశ్రమంలో ఆ మంట నెమ్మదిగా పాకుతుంది. ఎదురెదురుగా రెండు ప్లగ్గులు పెడితే రెండు మంటలు చెరో సగం దూరం నడిస్తే చాలు. బజాజ్ ఆటో చిన్న ఇంజనులో ఈ ఏర్పాటుకు పేటెంటు పొంది టీవీఎస్ మీద కేసు పెట్టింది. రెండు ప్లగ్గుల ఇంజన్లు విమానాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే అంత చిన్న సిలిండరు తలలో, వాల్వుల పక్కన, రెండో ప్లగ్గుకు చోటు చేయడం తట్టేదేనా? 2008లో మద్రాసు హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి తాత్కాలికంగా బజాజ్ వైపు మొగ్గారు. 2009లో ధర్మాసనం దాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు అసలు విచారణ త్వరగా ముగించమంది. 2019లో రాజీ కుదిరింది. ఆ ప్రశ్నకు చివరి జవాబు రానే లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటుంది. ఊహల్లోని పని తెలిసినవాడు అచ్చయినవన్నీ చదివినవాడు. మరి అచ్చు కానిదో? పనివాళ్ల జ్ఞానంలో ఎక్కువ భాగం కాగితం ముఖం చూడనిదే. అమెరికా చట్టమైతే 2013 దాకా పరాయి దేశంలో వాడుకలో ఉన్నదాన్ని లెక్కలోకే తీసుకోలేదు, రాసి ఉంటేనే తీసుకుంది. అందుకే పసుపుకు 1953 నాటి వ్యాసం వెతకాల్సి వచ్చింది. మన అమ్మలందరూ వరసగా నిలబడి సాక్ష్యం చెప్పినా చెల్లేది కాదు. యూరప్‌లో వాడుకకు విలువ ఉంది కాబట్టే, వేపగింజల సారంతో శిలీంధ్ర నాశిని మీద 1994లో ఇచ్చిన పేటెంటుకు ఎదురు వెళ్లినప్పుడు ఒక భారతీయ తయారీదారు వచ్చి, మేమిది ముందే చేశామని సాక్ష్యం చెప్పగలిగాడు. 2000లో పేటెంటు రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. ఆ అనుభవాల తర్వాతే సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని 2001లో మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను పరాయి భాషల అధికారులు చదవగలిగేలా అందులో పెట్టారు. అయితే గ్రంథాల్లో ఉన్నదే అందులోకి చేరింది. రైతు వేపాకు కషాయం ఏ పాళ్లలో, ఏ పొద్దున కొడతాడో, చేనేత మగ్గం మీద తెగిన పోగును ఎలా అతుకుతారో ఎవరు రాశారు? ఎవరూ రాయనంతమాత్రాన అది ఎవరికీ తట్టనిది కాదు కదా.

మన చట్టంలో దీనికి ఒక కిటికీ తెరిచి ఉంది. దరఖాస్తు ప్రచురించాక, పేటెంటు ఇవ్వకముందు, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సంబంధం ఉండనక్కరలేదు, వ్యాపారం ఉండనక్కరలేదు. ఇది నలుగురికీ తెలిసిన విషయమేనని చూపించగలిగితే చాలు. పేటెంటు ఇచ్చాక ఏడాది లోపు కూడా ఎదురు చెప్పవచ్చు గానీ, అప్పుడు ఆ వ్యవహారంతో సంబంధం ఉన్నవాళ్లే చెప్పాలి. పనిచేసేవాళ్ల సంఘాలు ఈ కిటికీ దగ్గరికి రావాలని నాకు బలంగా ఉంటుంది. లేత్ ముందు నిలబడినవాడికి తెలిసినంత ఆఫీసులో కూర్చున్నవాడికి తెలియదు.

మీర్జాపూర్‌కి వద్దాం. అలహాబాద్ హైకోర్టులో ఏకసభ్య న్యాయమూర్తి పేటెంటు చెల్లదన్నారు. ధర్మాసనం చెల్లుతుందంది. చివరికి 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సమర్థుడైన పనివాడొకడు ఉన్నాడనుకోండి. ఒట్టి కూలివాడు కాదు, పని మర్మం తెలిసినవాడు. ఆనాటికి అందరికీ తెలిసినదంతా అతనికి తెలుసు. పళ్లెం ఊడిపోతోందన్న సమస్య అతని ముందుంది, పేటెంటులో ఉన్న విడుపు మాత్రం తెలియదు. అప్పటికే ఉన్న పాత జ్ఞానం చేతికిస్తే, "నాకు కావలసింది ఇదే" అనేవాడా? కోర్టు అడిగిన ప్రశ్న అది. హెడ్‌స్టాక్‌కీ టెయిల్‌స్టాక్‌కీ మధ్య వస్తువును బిగించడం దశాబ్దాలుగా లోకంలో ఉన్న పద్ధతి. దాన్ని పళ్లేనికి వాడటం పనిశాలలో జరిగే మామూలు మెరుగుదలే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు తేల్చి, పేటెంటు రద్దు చేసింది.

తీర్పు సరైనదనే నేను అనుకుంటాను. పద్ధతి మంచిదే, చేతులు కోసుకుపోకుండా కాపాడేదే. మంచిదీ తట్టనిదీ ఒకటి కావు. మంచిది కాబట్టే అది ఆ ఊళ్లో ప్రతి లేత్ మీదికీ వెళ్లాలి. ఎటొచ్చీ, పేటెంటు లెక్కలోకి వచ్చింది 1951 డిసెంబరు నుంచి. ఆనాటి 1911 చట్టం కింద పేటెంటు ఆయుష్షు 16 ఏళ్లు. అంటే 1967 చివరికి ఆ కంచె దానంతటదే పడిపోవాలి. అది అసలు వేయకూడని కంచె అని తేలేసరికి, ఆ గడువు దాటి మరో 11 ఏళ్లు గడిచిపోయాయి.